పాత జాబులలోని బంధువులు, ఇరుగుపొరుగువారు: వారిని గుర్తించు విధానము

మన పల్లెలలో పాత యింటిని విప్పి క్రొత్తది కట్టుకొనునపుడు అటక మీదనో, భోషాణము అడుగుననో జాబుల కట్ట యొకటి బయటపడుట తఱచు. కొన్ని యిండ్లలో ఆ జాబులను ఇనుప తీగెకు గ్రుచ్చి దూలమునకు వ్రేలాడదీసియుందురు. ఇంటివారు వానిని ఆసక్తితో విప్పుదురు గాని, రెండు మూడు చదువునప్పటికి విసుగు చెందుదురు. ఏలయన వానిలో పేర్లు మిక్కిలి తక్కువ. మామ, అత్త, పెద్దబ్బాయి, తూర్పింటివారు, రేవుకాడివారు, ఇట్టి మాటలే యెల్లెడల కనబడును. వ్రాసినవానికిని, అందుకొన్నవానికిని వీరెవరో తెలియును. మూడవ తరమువానికి తెలియదు. తెలియనందున ఆ కట్ట పొయ్యిలోనికో, చెత్తబుట్టలోనికో పోవుచున్నది.

ఇది యొక యింటి సంగతి మాత్రమే యని పంచాయతీ సభ్యులు తలంపరాదు. నెల్లూరు సముద్రతీరమున నున్న ముత్తుకూరు ప్రాంతమునే చూడుడు. కృష్ణపట్నము రేవు 2008లో నూతన రూపమున పనిచేయ నారంభించినది. నేలటూరు కడ దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రము వెలసినది. ఈ మార్పులతో భూములు చేతులు మారినవి, కుటుంబములు చెదరినవి. ఇట్టిచోట వారసత్వమును గూర్చియో, భూమిని గూర్చియో విచారణ వచ్చినపుడు, ఫలానావారికి సంతానమెందఱు, ఆడపిల్లలున్నారా యని గ్రామమున పెద్దలను అడుగుదురు. మనము చెప్పిన మాట కాగితమునకెక్కును. మనము మఱచిన మనిషి ఆ కాగితమున లేకుండ పోవును. కావున పాత జాబును చదువుట యెట్లో, అందలి మనుషులను గుర్తించుట యెట్లో తెలిసికొనుట మనకు అవసరము.

జాబులను ముట్టుకొనుటకు ముందు

దొరికిన కట్టను దొరికిన వరుసలోనే యుంచవలెను. తీగెకు గ్రుచ్చిన జాబులలో అడుగున నున్నది సాధారణముగ పాతది, పైనున్నది క్రొత్తది. ఆ వరుసయే యొక సాక్ష్యము. ప్రతిదానికిని ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యను విడిగా నొక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. జాబు మీద సిరాతో ఏమియు వ్రాయరాదు. చిరిగినచోట జిగురు కాగితము అంటింపరాదు. నేడు ప్రతి యింటను సెల్‌ఫోను ఉన్నది గనుక రెండు ప్రక్కలను ఛాయాచిత్రము తీసి, దానిని చూచియే చదువుకొనుట మేలు. చిరునామా వ్రాసిన ప్రక్కను విడిచిపెట్టరాదు. తపాలా ముద్ర అక్కడనే యుండును.

కాలమును నిర్ణయించుట

మనిషిని గుర్తించుటకు ముందు జాబు కాలము తెలియవలెను. మన పెద్దలు తఱచుగ తెలుగు సంవత్సరము పేరు, మాసము, తిథి వేయుచుండిరి. ఈ పేర్లు 60 ఏండ్లకొకసారి తిరిగి వచ్చును. ప్రభవ యన్నచో 1867, 1927, 1987 సంవత్సరముల ఉగాదులతో మొదలైన మూడును కావచ్చును. అంతేగాక తెలుగు సంవత్సరము ఉగాదితో మొదలగును గనుక, పుష్య మాఘములలో వ్రాసిన జాబు సామాన్యముగ మఱుసటి ఇంగ్లీషు సంవత్సరమునకు చెందును.

మూడింటిలో ఏదియో తేల్చుటకు జాబులోనే గుర్తులుండును. మన దేశమున పోస్టుకార్డు 1879లో వచ్చినది. కావున కార్డు మీద వ్రాసినది అంతకు ముందుది కాజాలదు. అణాల లెక్క యున్నచో అది 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చుటకు ముందుదో, ఆ దాపుదో యగును. నయాపైసలని యున్నచో 1957కు తరువాతిది. చిరునామాలో ఆంధ్ర రాష్ట్రమని యున్నచో 1953 అక్టోబరు 1వ తేదీకి తరువాతిది. ఆంధ్ర ప్రదేశ్ అని యున్నచో 1956 నవంబరు 1వ తేదీకి తరువాతిది. పిన్‌కోడు ఉన్నచో 1972 ఆగస్టు 15వ తేదీకి ముందుది కాదు. మునసబుగారు, కరణముగారు అని పదవిలో నున్నవారిని గూర్చి వ్రాసియున్నచో 1984కు ముందుది. ఆ యేడు ఆ పదవులు రద్దయినవి.

సంబోధనలు చెప్పు సంగతులు

జాబు మొదటి పంక్తిని మర్యాద కొఱకు వ్రాసినదని దాటివేయుదుము. అది పొరపాటు. చిరంజీవి యని మొదలిడి ఆశీర్వచనములు చెప్పినచో, అందుకొన్నవారు వయస్సునందో వరుసయందో చిన్నవారు. నమస్కారములు చెప్పినచో పెద్దవారు. చి॥ ల॥ సౌ॥ అని వ్రాసిన స్త్రీ చిన్నది, వివాహిత, అప్పటికి భర్త జీవించియున్నాడు. కొన్ని కుటుంబములలో భర్త పోయిన స్త్రీకి గం॥ భా॥ అని వ్రాయు ఆచారముండెను. ఒకే స్త్రీకి ఒక జాబులో మొదటి గుర్తు, మఱియొక జాబులో రెండవ గుర్తు కనబడినచో, ఆ రెండింటి నడుమ ఆమె భర్త మరణించెనని తెలియును. ఇట్టి మాటలు నేడు మన మర్యాదకు తగినవి కావు. సాక్ష్యముగ మాత్రమే వానిని చదువవలెను.

మఱియొక సంగతి. చావు కబురు తెచ్చిన జాబును చదివిన వెంటనే చించివేయుట మన యాచారము. కావున కట్టలో మరణవార్త లేదని ఎవరును మరణింపలేదని తలంపరాదు. సంబోధనలోని మార్పు, క్షేమము అడిగినవారి పట్టికలో ఒక మనిషి హఠాత్తుగ కనబడకపోవుట, ఇవియే మనకు మిగులు జాడలు.

జాబును చేతితో వ్రాసినవాడును, చెప్పి వ్రాయించినవాడును ఒక్కరే కానక్కఱలేదు. చదువు రానివారు పంతులుగారి చేతనో, పొరుగువాని చేతనో వ్రాయించెడివారు. అందుచేత చేతివ్రాత ఒక్కటే యైనంతమాత్రమున రెండు జాబులు ఒక్కని వని చెప్పరాదు. చివర చేవ్రాలు, వేలిముద్ర, నిశాని ఉన్నవేమో చూడవలెను.

వరుసలలోని చిక్కు

ఈ పాఠమునకు కీలకమైన మాట యిది: వరుస పేరు కాదు. మామ యన్నది ఒక మనిషి పేరు కాదు. పలికినవానికిని ఆ మనిషికిని నడుమ నున్న సంబంధము. కావున ఎవరు ఎవరితో చెప్పుచున్నారో తేల్చుకొనక వరుసను మనిషిగ మార్చరాదు.

మేనరికపు వివాహములున్న మన సమాజములో ఒక్కొక్క వరుసకు పెక్కు అర్థములుండును. మామ యన్నచో తల్లి సోదరుడు కావచ్చును, మేనత్త భర్త కావచ్చును, భార్య తండ్రి కావచ్చును. మేనరికము జరిగినచో ఒక్కడే రెండు విధముల మామ యగును. బావ యన్నచో అక్క భర్త గాని, మేనత్త కొడుకు గాని, మేనమామ కొడుకు గాని, భార్య అన్న గాని కావచ్చును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అన్న మాటలు ఒక తల్లి బిడ్డలకే పరిమితములు కావు. పెదతండ్రి, పినతండ్రి బిడ్డలను, పెదతల్లి, పినతల్లి బిడ్డలను గూడ అట్లే పిలుతుము. చిన్నమ్మ యన్నచో తల్లి చెల్లెలో, పినతండ్రి భార్యయో.

రక్తసంబంధము లేని ఇరుగుపొరుగును గూడ వరుస పెట్టి పిలుచుట పల్లె మర్యాద. ఒక కులమువారు మఱియొక కులమువారిని, హిందువులు ముస్లిములను అన్నా, మామా యని పిలుచుకొనుట మనమెఱుగని సంగతి కాదు. జాబులో మామ యని చూచి వంశవృక్షమున కొమ్మ గీయుటకు తొందరపడరాదు.

పేరున్నచోటను చిక్కు తొలగదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము. ఒకే యింటిపేరు, ఒకే పేరు గల యిద్దఱు రెండు తరములలో నుందురు. పినతండ్రి, పెదతండ్రి బిడ్డలలో ఒకే తాత పేరు గల యిద్దఱు ఒకే కాలముననే యుందురు. రెడ్డిగారు అన్న మాట ఒక మనిషి పేరు చివరి భాగమో, గ్రామ మునసబు పదవికి వాడిన మాటయో సందర్భమును బట్టి చూచుకొనవలెను.

ఒక జాబును చదివి చూతము

పాఠము కొఱకు మేమే యొక జాబును కూర్చితిమి. ముత్తుకూరులోని యొక యింట దొరికిన పోస్టుకార్డని యనుకొందము. తపాలా ముద్రలో నవంబరు నెల మాత్రము కనబడుచున్నది.

“ప్రభవ, కార్తీక బహుళ పంచమి, చెన్నపట్నము. చి॥ తమ్మునికి అన్న ఆశీర్వచనములు. ఉభయకుశలోపరి. గాలివానకు రేవుకాడ మామ పడవ పోయినదని విని మిక్కిలి విచారించితిమి. అత్త కంటికి మందు మనిషి చేత పంపుచున్నాను. తూర్పింటి చిన్నమ్మకు నా నమస్కారములు చెప్పుము. చి॥ సౌ॥ చెల్లెలిని సంక్రాంతికి నీవే పోయి పిలుచుకొని రమ్ము. పెద్దయ్యగారికి ఇవ్వవలసిన నాలుగు రూపాయల పన్నెండణాలు ఇచ్చి వ్రాలు పుచ్చుకొనుము.”

మొదట కాలము. ప్రభవ మూడు సార్లు రావచ్చునని చెప్పితిమి. కార్డు గనుక 1867 కాదు. అణాలు గనుక 1987 కాదు. మిగిలినది 1927. ఆ యేడు నవంబరు మొదట నెల్లూరు తీరమున పెద్ద గాలివాన వీచినది. అప్పుడు కార్తీక శుద్ధము. జాబు రెండు వారముల తరువాతి తిథితో నున్నది. మూడు గుర్తులు ఒకదానితో నొకటి సరిపోయినవి గనుక ఈ కాలమును నమ్మవచ్చును.

ఇక రేవుకాడ మామ. రేవన్నచో కృష్ణపట్నము సముద్రపు రేవు కావచ్చును. బకింగ్‌హాం కాలువ మీద పడవలు నిలుచు రేవు కావచ్చును. 1927లో ఆ కాలువ మీదుగ చెన్నపట్నమునకు సరకు పోవుచుండెను. కావున ఆయన సముద్రముపై వేటకు పోవువాడో, కాలువ పడవ నడుపువాడో, పడవ యజమానుడో జాబు చెప్పదు. వెంటనే వచ్చిన అత్త ఆయన భార్యయే యని తలంచుట సహజము. కాని జాబు ఆ మాట చెప్పలేదు. అత్త వేఱొక యింటి మేనత్త కావచ్చును. తోచినదానిని తెలిసినదిగ వ్రాసికొనుటయే ఇట్టి పనిలో జరుగు పెద్ద తప్పు.

తూర్పింటి చిన్నమ్మ నమస్కారమునకు పాత్రురాలు గనుక పెద్దది. ఆమె యిల్లు తెలియవలెనన్న, తమ్ముడు 1927లో ఏ యింట నుండెనో మొదట తెలియవలెను. నేటి యింటికి తూర్పున నున్నవారిని అడిగి లాభము లేదు. కుటుంబము ఇల్లు మారియుండవచ్చును, వీధియే మారియుండవచ్చును. పాత దస్తావేజులలోని చెక్కుబందీ, అనగా నాలుగు దిక్కుల హద్దులు, ఇచ్చట మిక్కిలి ఉపయోగించును. ఫలానావారి యింటికి పడమర, ఫలానావారి దొడ్డికి ఉత్తరము అని అందు పేర్లతో వ్రాసియుందురు. జాబు దిక్కును చెప్పును, దస్తావేజు పేరును చెప్పును. రెండును కలిపి చదివినచో పొరుగువారు బయటపడుదురు.

పెద్దయ్యగారు అప్పిచ్చిన షావుకారు కావచ్చును, భూస్వామి కావచ్చును, కొన్ని యిండ్లలో పిలుచునట్లు పెదతండ్రియే కావచ్చును. వ్రాలు పుచ్చుకొనుమని చెప్పుటను బట్టి ఇంటివాడు కాడేమో యని తోచును. తోచునని మాత్రమే వ్రాసికొనవలెను.

ఆడపడుచు మాట

ఆ జాబులో చెల్లెలిని గూర్చి యున్నది ఒక్క వాక్యమే. ఆ యింటి నేటి మనుమలకు అన్నదమ్ములిద్దఱ మాట మాత్రమే తెలియుననుకొందము. వారు గీసిన వంశవృక్షమున చెల్లెలు లేదు. జాబు ఆమెను గూర్చి నాలుగు సంగతులు చెప్పుచున్నది: 1927 నాటికి ఆమె జీవించియున్నది, వివాహిత, భర్త యున్నాడు, పండుగకు పోయి పిలుచుకొని రావలసిన వేఱొక చోట కాపురమున్నది. ఆమె సొంత చెల్లెలా, పినతండ్రి కూతురా యనునది మాత్రము ఇంకను తేలవలసియున్నది.

స్త్రీల పేర్లు ఇట్లు వరుసలలో మునిగిపోవుట జాబులకే పరిమితము కాదు. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల జాబితాలు వ్రాయునపుడు, ముఖ్యముగ ఉత్తర భారతమున, పెక్కుమంది స్త్రీలు ఫలానావాని తల్లి యని, ఫలానావాని భార్య యని మాత్రమే వ్రాయించుకొనిరి. స్వంత పేరు లేని నమోదును ఎన్నికల సంఘము అంగీకరింపలేదు. దేశము మొత్తము మీద సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలకెక్కకపోయిరి. పేరు లేనిచో హక్కు జాఱిపోవుననుటకు ఇంతకన్న పెద్ద నిదర్శనము వలదు.

హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు హక్కు నిచ్చు సవరణను మన రాష్ట్రము 1986లో చేసినది. దేశమంతటికిని 2005లో అట్టి సవరణ జరిగినది. ఒక్కొక్క కుటుంబములో ఎవరికి ఎంత భాగమన్నది మరణములు జరిగిన కాలమును బట్టి, ఇతర విషయములను బట్టి న్యాయస్థానము నిర్ణయింపవలసినది. అది మన పని కాదు. ఆ యింట ఒక ఆడపిల్ల ఉండెనని మఱవకుండుట మన పని.

ఆమె పేరు కనుగొనుటకు మార్గములున్నవి. తరువాతి జాబులలో ఆమె బిడ్డల పేర్లుండవచ్చును. శుభలేఖలలో అల్లుని యింటిపేరు, గ్రామము ఉండును. పసుపుకుంకుమల క్రింద భూమి యిచ్చియున్నచో దస్తావేజు ఉండవచ్చును. రిజిస్టరైనదైనచో రిజిస్ట్రేషను కార్యాలయమున నకలు దొరకవచ్చును. జనన మరణముల నమోదు చెన్నపట్నపు రాష్ట్రమున 1899 చట్టము క్రింద జరుగుచుండెను; 1969 చట్టము దేశమంతటికి నొకే పద్ధతి తెచ్చినది. పాత పుస్తకములలో ఆడశిశువు అని, తండ్రి పేరు మాత్రమే యుండుట కలదు, అదియు ఉపయోగపడును. అన్నింటికన్న ముందు మెట్టినింటి గ్రామమున ముసలివారిని అడుగవలెను. పుట్టినింట మఱచిన పేరు మెట్టినింట నిలిచియుండును.

జాబు సాక్ష్యమునకు గల విలువ

1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగ భారతీయ సాక్ష్య అధినియమము 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. రెండింటను ఈ విషయమున భావమొక్కటే. బంధుత్వమును ఎఱిగియుండు ప్రత్యేకావకాశము గల మనిషి, తగవు పుట్టుటకు ముందు వ్రాసిన మాట, ఆ మనిషి మరణించిన తరువాత గూడ సాక్ష్యముగ పరిశీలింపదగును. 30 ఏండ్లు దాటిన పత్రము ఉండవలసిన చోటి నుండియే వచ్చినచో, అందలి చేవ్రాలును, చేతివ్రాతయు ఆ మనిషివేయని న్యాయస్థానము భావింపవచ్చును. కావుననే జాబు ఎవరి యింట, ఎచ్చట, ఎవరి సమక్షమున దొరకినదో ఆనాడే వ్రాసియుంచవలెను. చేతులు మారి, గీతలు పడి, అతుకులు వేసిన జాబు తన విలువను తానే పోగొట్టుకొనును.

పంచాయతీ చేయదగిన పని

దీనికి నిధులు అక్కఱలేదు. నెలకొక దినమున జాబులున్న యింటివారిని, గ్రామమున మిక్కిలి వృద్ధులైన నలుగురిని కూర్చుండబెట్టి చదివింపవచ్చును. వారిలో ఇద్దఱైనను స్త్రీలుండవలెను. వరుసలు, పుట్టిండ్లు, కాన్పులు వారికి తెలిసినట్లు పురుషులకు తెలియవు. వృద్ధులను వేర్వేరుగ అడుగవలెను. ఒకరు చెప్పినదానికి ఇతరులు తల ఊపినచో అది ఒక్క సాక్ష్యమే గాని నాలుగు కాదు. ఫలానాయన ఈయనే గదా యని పేరు మనమే అందింపక, ఈ రేవుకాడ మామ యెవరై యుండునని అడుగవలెను.

నోటుపుస్తకమున ప్రతి మనిషికి మూడు గడులుండవలెను: తెలిసినది, తోచునది, తెలియనిది. జాబులో నున్న మాటను ఉన్నట్లే మొదటి గడిలో వ్రాయవలెను. ఊహను రెండవ గడిలో, దానికి కారణముతో సహా వ్రాయవలెను. ఒకరితో నొకరు సంబంధము లేని రెండు ఆధారములు దొరకినప్పుడే రెండవ గడిలోనిది మొదటి గడికి మారవలెను.

జాబులు ఆ యింటివారి సొత్తు. వానిలో అప్పులు, వ్యాధులు, కాపురపు కలతలు ఉండును. ఇంటివారి యనుమతి లేనిదే చదువరాదు. చదివినది రచ్చబండపై చెప్పరాదు. ఛాయాచిత్రములను నలుగురికి పంపరాదు. పని ముగిసిన పిమ్మట అసలు జాబులను ఇంటివారికే యప్పగింపవలెను.

గ్రామమున తొంబది యేండ్లు దాటినవారు నేడు ఎందఱున్నారో సభ్యులు లెక్కించి చూచుకొందురు గాక. తూర్పింటి చిన్నమ్మ యెవరో చెప్పగలవారు వారే. ఆ పని వచ్చే యేటికి వాయిదా వేయదగినది కాదు. మొదటి జాబును చదువునపుడు, అన్నదమ్ముల పేర్లు దొరకినవని పుస్తకమును మూయక, చెల్లెలి పేరు వ్రాయవలసిన గడి ఇంకను ఖాళీగ నున్నదేమో యొకసారి చూడవలెను.